మోటారు వినపడని చోటు

ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి పాత గ్రూపుకి నేనే తాళం వేశాను. తాళం అంటే ఇనుప తాళం కాదు. ఫోన్లో ఒక మీట నొక్కితే ఇక నేను తప్ప ఎవరూ అందులోకి మాట పంపలేరు. తొమ్మిది వందల పన్నెండు మంది లిఫ్టు మెకానిక్కుల నోరు ఒక్క వేలితో మూయించాను. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడికి అంత అధికారం దక్కడం అదే మొదలు. మా సంఘం వాళ్లు నన్ను కుర్చీలు సర్దడానికి పిలిచారు గానీ ఏనాడూ కుర్చీలో కూర్చోబెట్టలేదు.

ఆ గ్రూపు ఏడేళ్ల కిందట నేనే మొదలుపెట్టాను. మావాళ్లలో సగం మందికి రాయడం సరిగా రాదు. వచ్చినవాళ్ల చేతులకి ఎప్పుడూ గ్రీజే. అందుకని అంతా గొంతుతోనే నడిచేది. దానికో పద్ధతి పెట్టాను. మొరాయించిన లిఫ్టు ముందు నిలబడ్డవాడు మొదట ఫోను మోటారు దగ్గర పెట్టి పది సెకన్లు మాట్లాడకుండా ఊరుకోవాలి. ఆ తర్వాతే నోరు విప్పాలి. ముందు మోటారు, తర్వాత మనిషి. మనిషి అబద్ధం చెప్పొచ్చు, గొప్పలు పోవచ్చు, తను చేసిన తప్పు దాచుకోవచ్చు. మోటారుకి ఆ తెలివితేటలు లేవు. ఆ పది సెకన్లు విని ఎక్కడో ఒకడు, “బేరింగు పోయిందిరా,” అనేవాడు. “బ్రేకు షూ ఒక పక్కే తెరుచుకుంటోంది, చూసుకో,” అనేవాడు ఇంకొకడు. నూటికి తొంభైసార్లు అదే అయ్యేది.

మరి అలాంటిదానికి తాళం ఎందుకంటే, పాత చోట అందరి ఫోను నంబర్లూ అందరికీ కనపడతాయి. ఇక్కడ లిఫ్టులు చాలామటుకు ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి. తమ మిషన్ రూముల్లో మోటార్ల చప్పుడు బయటికి పంపినవాడికి పని ఉండదని కంపెనీ కాగితం మీద రాసి గోడకి అంటించింది. అయినా మేం ఆగలేదు. వాళ్ల మనిషెవడో గ్రూపులో దూరాడు. పోయిన నెల మేం గడ్డపాయన అని పిలిచే ఒకతన్ని నంబరు పట్టుకుని పీకేశారు. ఇరవై రెండేళ్ల సర్వీసు. పంపింది పట్టుమని పదిహేను సెకన్ల చప్పుడు. ఆ రోజు నుంచి గ్రూపులో ఒక్కడూ ఊపిరి తీయలేదు.

నంబర్లు కనపడని చోటు వెతకాల్సి వచ్చింది. నాకు ఈ సంగతులు తెలియవు. మా ఆవిడ చెల్లెలికి తెలుసు. ఆమె ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటుంది, నన్ను ఆటపట్టించడం ఆమెకి రెండో ఉద్యోగం. వారం రోజులు మా ఇంటికొచ్చి ఒక్కొక్కటే చూపించింది.

“బావా, ఇది చూడు. కంపెనీవాళ్లే మెకానిక్కుల కోసం పెట్టారట. ఉచితం.”

“ఉచితమే. నేను వెళ్లి వాళ్ల జేబులో కూర్చుంటే వాళ్లకేం కష్టం.”

“సరే, ఇది వద్దు. ఇదిగో, ఇందులో నంబరు కనపడదు, అసలు పేరు కనపడదు. ముద్దుపేరు పెట్టుకుంటే చాలు. నీకేం పెట్టమంటావు? చిరాకు అని పెట్టనా?”

“పెట్టు. ఊరంతా పిలిచేదేగా.”

ఆ మాటకి మా ఆవిడ లోపలినుంచి నవ్వింది. ఆమె బట్టలు ఉతికే మిషన్ తిప్పుతోంది. ఆ మిషన్‌కి బేరింగు పోయి రెండు నెలలైంది. తిరిగేటప్పుడు వీధి చివరిదాకా వినపడుతుంది.

“ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేస్తారు. ఇది మాత్రం నేను పోయాక చేస్తారేమో,” అంది.

“ఉష్, అక్కా, బావ గొంతు పరీక్ష చేస్తున్నాం,” అంది మరదలు. నేను ఫోనులో నాలుగు ముక్కలు మాట్లాడాను. ఆమె తన ఫోనులో వినిపించింది. అద్దంలో చూసుకున్నట్టుంది నా గొంతు. పక్కగదిలో అంత రొద జరుగుతున్నా ఒక్క పిసరు చప్పుడు లేదు.

“చూశావా? మిషన్ మోతే లేదు!” అంది.

“అబ్బ, ఎంత శుభ్రంగా ఉందో,” అన్నాను నేను.

ఆ మాట నేనే అన్నాను. ముప్ఫై నాలుగేళ్లుగా చెవులమ్ముకుని బతికినవాణ్ణి, చెవిలో పెట్టి మరీ చెప్పినా వినిపించుకోలేదు. నంబరు కనపడదన్న సంతోషంలో ఉన్నాను. పాత గ్రూపులో అందరికీ చెప్పాను, ఆదివారం పన్నెండు లోపల కొత్త చోటికి రండి, ఇక్కడ తాళం పడుతుంది అని. మూడు వందల మంది దాకా వచ్చారు. మిగతావాళ్లు నెమ్మదిగా వస్తారనుకున్నాను.

రెండు గంటలకి బొంగురు ఫోను చేశాడు. అతని గొంతు రాయి మీద రేకు ఈడ్చినట్టుంటుంది, అందుకే ఆ పేరు. కంపెనీలో పన్నెండేళ్లుగా ఉన్నాడు. నేను పని నేర్పినవాళ్లలో ఇప్పటికీ నన్ను పలకరించేది అతనొక్కడే.

“అన్నా, ఆసుపత్రిలో రోగుల మంచాలెక్కించే బెడ్ లిఫ్టు. ఏడంతస్తులది. పొద్దున్నుంచి టిక్కు టిక్కుమంటోందని నర్సు కంప్లైంటు. నేనొచ్చి ఆపాను. ఖాళీగా తిప్పితే ఏం లేదు. మనుషులెక్కితేనే వస్తోంది.”

“మీ ఇంజనీరేమన్నాడు?”

“ఏమంటాడు? ఇంట్లో కూర్చుని, గ్రీజు కొట్టి ఆన్ చేసెయ్, సంతకం పెట్టు అన్నాడు. నాలుగింటికి రోగుల్ని చూడ్డానికొచ్చే జనం వస్తారన్నా. ఆదివారం. ఆ పెట్టెలో ఇరవై మంది ఎక్కుతారు. సంతకం నాది.”

“నీకేమనిపిస్తోంది?”

“తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను? ఊరికే ఆపేస్తే, కారణం రాయమంటారు. కారణం లేకుండా ఆసుపత్రి లిఫ్టు ఆపానని రేపు నన్ను ఆపేస్తారు. ఆన్ చేశాక ఏమన్నా అయితే...”

“కొత్త చోట పెట్టు. నీ పేరు ఎవరికీ కనపడదు.”

“గొంతు గుర్తుపడతారు కదన్నా.”

“నోటికి గుడ్డ అడ్డం పెట్టుకో.”

అలాగే చేశాడు. ముందు మోటారు, తర్వాత మనిషి. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లని నలుగుర్ని పెట్టెలో ఎక్కించి, పైకీ కిందికీ ఒక్కసారి తిప్పి, ఆ చప్పుడు పట్టి, తర్వాత ముక్కుతో మాట్లాడి పంపాడు. నేను అప్పుడు అన్నం ముందున్నాను. ఆ చప్పుడు విననేలేదు. ఫోను పక్కన పెట్టుకుని జవాబులు మాత్రం ఒక్కొక్కటే వింటున్నాను, నా కొట్టు బేరం బాగుందని చూసుకునే షావుకారులాగ.

“ఎవర్రా ఈ జలుబు?” అని ఒకడు. “మందు వేసుకుని మాట్లాడు నాయనా,” అని ఇంకొకడు. తర్వాత అసలు సంగతి. “సాఫీగా ఉందిగా.” “ఏం లేదు, గ్రీజు చాలు.” “నా లిఫ్టు ఇంత మెత్తగా తిరిగితే నేను ఉద్యోగం మానేసి ఇంట్లో పడుకుంటా.” పద్నాలుగు మంది అదే మాట.

మూడింటికి బొంగురు మళ్లీ చేశాడు. గొంతు తేలిగ్గా ఉంది.

“అందరూ బాగుందన్నారన్నా. నేనే ఊరికే భయపడ్డాను. గ్రీజు కొట్టేసి ఆన్ చేస్తాను. సంతకం పెట్టి ఇంటికి పోతా.”

“పోరా, పోయి పడుకో,” అన్నాను.

ఫోను పెట్టేశాక, చేయి కడుక్కుని వచ్చి, ఊరికే, అతని ముక్కు గొంతు విని నవ్వుకుందామని మీట నొక్కాను.

పది సెకన్లు సన్నటి గాలి లాంటిది. తర్వాత బొంగురు మాట. మళ్లీ పెట్టాను. గాలి. మాట. మూడోసారి చెవికి ఆనించి పెట్టాను.

లిఫ్టు కదలాలంటే ముందు ప్యానల్లో కరెంటు కలిపే కాంటాక్టరు కొట్టుకోవాలి. ఠక్కుమని. అది కొట్టుకోకుండా ఈ లోకంలో ఏ లిఫ్టూ లేవదు. తర్వాత బ్రేకు తెరుచుకునే చప్పుడు. ప్యానల్ ఫ్యాను. తాళ్లు పుల్లీ మీద నడిచే చప్పుడు. వీటిలో ఒక్కటీ లేదు. ఇది సాఫీగా తిరిగే మోటారు కాదు. అసలు మోటారే కాదు. మిషన్ రూములోని మొత్తం చప్పుడుని ఎవరో ఊడ్చి పారేసి, మనిషిని మాత్రం మిగిల్చారు.

మరదలికి ఫోను చేశాను. “అమ్మాయ్, ఆ రోజు మా ఇంట్లో ఉతికే మిషన్ ఎందుకు వినపడలేదు?”

“అది అంతే బావా. మాట తప్ప మిగతాదంతా రొద కింద లెక్కేసి తీసేస్తుంది. అదే దాని గొప్ప. ఏమైంది?”

“విడిగా రికార్డు చేసి అందులో పెడితే?”

“పెట్టినా అదే జల్లెడ. అన్నింటినీ పడుతుంది. ఏమైంది బావా?”

ఏమైందో చెప్పే తీరిక లేదు. బొంగురుకి చేశాను. మోగుతోంది, ఎత్తడు. మళ్లీ. ఫోను ఎక్కడో పడేసి గ్రీజు కొడుతూ ఉంటాడు. గడియారం మూడూ పన్నెండు. మళ్లీ చేశాను. మూడూ పదహారు. ఆసుపత్రి మా ఇంటికి ముప్పావుగంట దూరం. చెప్పులేసుకుని మెట్లు దిగుతూ చేస్తున్నాను. మా ఆవిడ పైనుంచి “ఎక్కడికండీ?” అంటోంది. తొమ్మిదోసారికి ఎత్తాడు.

“ఆపు. ఆన్ చేశావా?”

“ఇప్పుడే. ఎందుకన్నా, ఇంకా ఎవరూ ఎక్కలేదు.”

“ఆపరా. మెయిన్ ఆపు.”

ఆపాడు. జరిగింది చెప్పాను.

“అంటే వాళ్లందరూ విన్నది...”

“ఏమీ వినలేదు. లేనిదాన్ని విని బాగుందన్నారు.”

“నువ్వు పెట్టిన చోటేగా అది! నువ్వు చెప్పావనేగా వచ్చాను! పద్నాలుగు మందన్నా, పద్నాలుగు మంది చెప్పారని ఇరవై మందిని ఎక్కించేవాణ్ణి నేను!”

తిట్టనిచ్చాను. అది న్యాయమైన తిట్టు, నాకు అలాంటివి తక్కువే దొరుకుతాయి. తర్వాత అన్నాను, “ఫోనులో ఉత్త రికార్డరు ఉంటుంది చూడు. దాంతో పట్టు. అదే నలుగుర్ని ఎక్కించు, ఒక్క అంతస్తు చాలు, మొదటిదాకా. నాకు పంపు.”

మెట్ల మీదే కూర్చుని విన్నాను. ఈసారి కాంటాక్టరు కొట్టుకుంది. బ్రేకు తెరుచుకుంది. తర్వాత, పుల్లీ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి, టిక్. పొడి చప్పుడు, గోటితో గాజు మీద కొట్టినట్టు. నా ముప్ఫై నాలుగేళ్లలో అది విన్న గుర్తులేదు. పుల్లీని దాని ఇరుసుకి, అదే షాఫ్టుకి, బిగించే కీ వదులైందేమో అనిపించింది. అనిపించడం వేరు, తెలియడం వేరు. కీ అయితే బిగించి నడపొచ్చు. కీ కాకపోతే?

తెలిసినవాడు ఆ తొమ్మిది వందల మందిలో ఎక్కడో ఉన్నాడు. వాళ్లందరూ ఇంకా ఉన్నది పాత చోటనే, నేను తాళం వేసిన చోట. అక్కడ పెడితే, పెట్టినవాడి నంబరు కనపడుతుంది. కంపెనీ మనిషి అక్కడే కూర్చుని ఉన్నాడు. బొంగురు పెడితే రేపటికి గడ్డపాయన పక్కన చేరతాడు.

నాకూ కంపెనీ చేతికింద నాలుగు లిఫ్టుల పని ఉంది. ఇంటి అద్దె, మందులు దాంట్లోంచే.

మరదలు మళ్లీ ఫోను చేసింది. ఆమెకి అక్క చెప్పేసింది. “బావా, తొందరపడకు. ఇంకో చోటు చూద్దాం. గంట టైమివ్వు, వేరేది వెతుకుతాను.”

“గంట లేదమ్మా.”

“ఒకసారి పెట్టావంటే నీ నంబరు వెనక్కి రాదు.”

“తెలుసు.”

పాత గ్రూపు తాళం తీశాను. బొంగురు పంపిన చప్పుడు నా నంబరు మీద పెట్టాను. దాని కింద, నా గొంతుతో, “ఏడంతస్తులు, బెడ్ లిఫ్టు, లోడు మీదే వస్తోంది. నేనే మిషన్ రూములో ఉన్నాను. నాలుగు లోపల కావాలి,” అన్నాను. అబద్ధం చెప్పేటప్పుడు నా గొంతు చాలా నమ్మకంగా ఉంటుంది, అది నాకు అప్పుడే తెలిసింది.

మూడూ ముప్ఫై ఒకటి. మొదటి జవాబు తెలియని నంబరు నుంచి వచ్చింది, రాసిన జవాబు. “ఏ బిల్డింగు ఇది?”

మావాడు ఎవడూ అలా అడగడు. మావాడు చప్పుడు గురించి అడుగుతాడు. జవాబివ్వలేదు.

తర్వాత రెండు నిమిషాలు ఏమీ లేదు. తొమ్మిది వందల మంది వింటున్నారు, ఒక్కడూ నోరు విప్పడంలేదు. భయపడుతున్నారని తెలుసు. తెలిసినా, ఫోను నేలకేసి కొట్టాలనిపించింది. అప్పుడొకడు, “కీ అన్నా, బిగించు,” అన్నాడు. ఇంకొకడు, “గేరుబాక్సు, ఆయిలు చూడు.” మూడోవాడు మొదటివాణ్ణి, “కీ అయితే బయలుదేరేటప్పుడు, ఆగేటప్పుడు వస్తుందిరా, చుట్టుచుట్టుకీ రాదు,” అని కసురుకున్నాడు. వాళ్లలో వాళ్లు దెబ్బలాట మొదలుపెట్టారు. మూడూ ముప్ఫై తొమ్మిది.

అప్పుడు ఒక ముసలి గొంతు వచ్చింది. ఏడేళ్లలో ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. వినడానికే ఉన్నాడేమో గ్రూపులో.

“బాబూ, ఎవరూ ఎక్కకండి. అది పుల్లీ షాఫ్టు. పగిలింది. నేను ఒక్కసారి విన్నాను ఈ చప్పుడు, రెండోసారి వినే పని పడలేదు. నమ్మకపోతే, పుల్లీ పక్కన షాఫ్టు లావు తగ్గి మెట్టు పడే చోట గ్రీజు తుడిచెయ్. కిరోసిన్ పుయ్యి. బాగా తుడిచి ఆరనిచ్చి, సుద్దపొడి రుద్దు. పగులు లోపల దాగిన నూనె తెల్లపొడి మీదికి ఊరుతుంది. గీత కనపడితే నీ దండం ఎవరికి పెట్టుకుంటావో పెట్టుకో.”

ఆ గొంతుని అట్లాగే బొంగురుకి పంపి, ఫోను చేశాను. లైను కట్ చేయకుండా పట్టుకున్నాను. కిరోసిన్ వాచ్‌మన్ దగ్గర దొరికింది, సుద్ద పిల్లల వార్డులో బోర్డు దగ్గర. అవి తేవడానికి ఏడు నిమిషాలు. మిషన్ రూము మెట్ల కింద నుంచి ఆసుపత్రి మేనేజరు అరుపులు ఫోనులో నాకు వినపడుతున్నాయి. “ఏమయ్యా, జనం గేటు దగ్గర నిలబడ్డారు! అర్ధగంట నుంచి ఏం చేస్తున్నావు పైన?”

“చూస్తున్నానండీ.”

“చూడ్డానికేనా నీకు జీతం?”

బొంగురు గుడ్డతో రుద్దే చప్పుడు. తర్వాత సుద్దపొడి రుద్దే చప్పుడు.

“ఏరా?”

“తెల్లగా ఉందన్నా. ఏం లేదు.”

“ఆగు. ఆరనీ.”

“మూడూ యాభై ఆరు.”

“ఆగమన్నానా.”

కింద మేనేజరు మళ్లీ అరిచాడు. ఇంజనీరుకి ఫోను చేస్తున్నానని బెదిరించాడు. బొంగురు చాలా చిన్నగా, “అన్నా,” అన్నాడు.

“చెప్పు.”

“గీత వస్తోంది. సన్నగా. వెంట్రుకలాగ... పోతూనే ఉందన్నా, చుట్టూతా పోతోంది. సగం చుట్టు దాటింది.”

“ఫోటో తీసుకో. ఫ్యూజులు పీకి జేబులో వేసుకో. ఎవరడిగినా ఇవ్వకు.”

ఆ తర్వాత అతను గట్టిగా, తన అసలు బొంగురు గొంతుతో, మేనేజరుకి వినపడేలా అరిచాడు. “మెట్లెక్కమనండి అందర్నీ! షాఫ్టు పగిలింది!”

నేను మా మెట్ల మీదే చాలాసేపు కూర్చున్నాను.

సోమవారం పది గంటలకి కంపెనీ నా నాలుగు లిఫ్టులూ తీసేసుకుంది. కారణం రాయలేదు. బొంగురుకి మెచ్చుకోలు కాగితం ఇచ్చారట. చప్పుడు ఏ లిఫ్టుదో వాళ్లకి తెలుసు, పంపింది మాత్రం నేనని వాళ్ల దగ్గర రుజువుంది, రెంటినీ కలిపి అడగడానికి నోరు రాలేదు. అడిగితే ఇంజనీరు గ్రీజు కొట్టమన్న మాట కూడా బయటికొస్తుంది. బొంగురు ఆ కాగితం సంగతి నాకు చెప్పలేదు. వేరేవాళ్లు చెప్పారు. సిగ్గుపడి ఉంటాడు. సిగ్గుపడనీ.

మరదలు ఆ వారమంతా ఇంకో చోటు కోసం వెతికింది. నంబరు దాచి, చప్పుడు ఉంచేది. ఒకటి దొరికింది గానీ అందులో చేరడానికి చదవాల్సినంత చదువు మా వాళ్లలో పదిమందికి కూడా లేదు. ఇంకొకటి మోటారు చప్పుడుని ఎవరిదో దొంగిలించిన పాట అనుకుని అడ్డుకుంది.

“నీ జాతకం ఇదీ బావా,” అంది. “దాచేది వినదు, వినేది దాచదు.”

“సరే అయితే,” అన్నాను, “మనం పాత చోటే ఉందాం.”

“మరి గడ్డపాయనలాగ ఇంకొకళ్లు పోతే?”

అప్పటికి నాకు పోవడానికి ఏమీ మిగల్లేదు. అదొక సుఖం. పాత గ్రూపులో చెప్పాను: భయం లేనివాడు నేరుగా పెట్టుకోండి. భయం ఉన్నవాడు చప్పుడు నాకొక్కడికే పంపండి, గొంతు లేకుండా, ఉత్త రికార్డరుతో. నా నంబరు మీద నేను పెడతాను, ప్రశ్న నా గొంతుతో నేనడుగుతాను. జవాబు నీకు చేరేస్తాను. ఎవరు పంపారన్నది నేను పోయేదాకా నా దగ్గరే ఉంటుంది.

మొదటి రోజు ఇద్దరు పంపారు. వారం తిరిగేసరికి నలభై. ఒక్కడూ థ్యాంక్స్ చెప్పలేదు, నేనూ ఎదురుచూడలేదు, ఎదురుచూడలేదని ఇన్నిసార్లు అనుకోవడం ఎందుకో తెలియదు.

నిన్న కంపెనీ సూపర్‌వైజరు ఫోను చేశాడు. చాలా మర్యాదగా మొదలుపెట్టాడు.

“ఏమయ్యా, మొన్న పదిన్నరకి మూడు మిషన్ రూముల నుంచి చప్పుళ్లు పెట్టావు. ఒకటి ఊరికి ఈ చివర, ఒకటి ఆ చివర, మూడోది అసలు వేరే ఊళ్లో. ఒకే టైములో మూడు చోట్ల ఎలా ఉన్నావు?”

“లిఫ్టు పనివాణ్ణి కదండీ. పైకీ కిందికీ తిరుగుతుంటాను.”

“కేసు పెడతాం, తెలుసా?”

“పెట్టండి. నా పేరుతోనే పెట్టండి. స్పెల్లింగు తప్పు రాయకండి, నాకు ఇంగ్లీషులో సంతకం ఒక్కటే వచ్చు.”

అతను ఇంకా ఏదో అంటున్నాడు. ఈలోపు ఎవరిదో ఒక కొత్త చప్పుడు వచ్చి పడింది, పన్నెండు సెకన్లది. ఫోను కట్ చేసి చెవికి పెట్టుకున్నాను.